కళ్ళకు కట్లున్న వారి వరుసలో ఒక పలకరింపు

1953 జనవరి 12వ తేదీ సోమవారం ఉదయం, బెజవాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇరవై ఒక్క ఏళ్ళ యువతి ఒకరు చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, ఎదురుగా ఉన్న బోర్డు మీద వెలిగిన మొదటి దీపాన్ని చూసి, గొంతు సవరించుకుని, "నంబరు చెప్పండి" అన్నారు. ఆ విధంగా ఉద్యోగ జీవితంలో ప్రవేశించిన శ్రీమతి సూర్యప్రభ గారు సుమారు ముప్ఫై ఏడేళ్ళ నిరంతర సేవ అనంతరం ఈ అక్టోబరు 31న మన ట్రంకు ఎక్స్ఛేంజి పర్యవేక్షక పదవి నుంచి విరమిస్తున్నారు. ఆడపిల్ల పరాయివాళ్ళతో రోజంతా మాట్లాడే ఉద్యోగమేమిటని ఆ రోజుల్లో వారి మేనమామ గారు అలిగి భోజనం మానేశారట. తమకు మద్రాసు కాల్ త్వరగా కావలసి వచ్చినప్పుడల్లా ఆ మేనమామ గారికి ఈ అలక గుర్తుకు వచ్చేది కాదని సూర్యప్రభ గారు నవ్వుతూ చెబుతుంటారు.

1957లో సైదాబాద్ ఉన్నత పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయులైన శ్రీ సాంబమూర్తి గారితో వివాహమై, అదే సంవత్సరం సూర్యప్రభ గారు హైదరాబాదుకు బదిలీ అయి వచ్చారు. అప్పటినుంచి ఊరికీ ఊరికీ ఫోన్లు కలిపే ట్రంకు బోర్డే వారి కార్యక్షేత్రమయింది. ఊరూ పేరూ తెలియని మనుషుల పెళ్ళి కబుర్లు, చావు కబుర్లు, వ్యాపారపు తగాదాలు వారి చెవి పక్కనుంచి వెళ్ళేవి. కొలువులో చేరిన నాడు చేసిన రహస్య పరిరక్షణ ప్రమాణాన్ని వారు ఎంత నిష్ఠగా పాటించారంటే, పక్కసీటు వారి కుమార్తెకు సంబంధం కుదిరిన వార్త తమ చేతి మీదుగా వెళ్ళినా, ఆ తల్లి మిఠాయి పంచేదాకా ఏమీ ఎరగనట్టే కూర్చున్నారు. మిఠాయి తీసుకుని ఆశ్చర్యం కూడా నటించారని గిట్టనివాళ్ళు అంటారు.

ఆ బోర్డు మీద వారు ఏర్పరచుకున్న పద్ధతి ఒకటుంది. లైను కలవడానికి ఆలస్యమయినప్పుడు, అవతల వేచి ఉన్న మనిషిని నిశ్శబ్దంలో వదిలేయడం వారికి సమ్మతం కాదు. ఎంత తీరిక లేకపోయినా మధ్య మధ్య ఆ లైను తీసి, "నేనున్నానండి, ప్రయత్నిస్తున్నాను" అని ఒక్క మాట చెప్పేవారు. ఏమీ వినపడని లైను పట్టుకుని కూర్చున్న మనిషి మనసు చెడ్డ ఆలోచనల వైపే పోతుందని వారి అభిప్రాయం. 1974లో పర్యవేక్షకులుగా పదోన్నతి పొందాక మనందరికీ ఈ నియమాన్ని ఎంత గట్టిగా నూరిపోశారో వేరే చెప్పనక్కరలేదు. వారి అడుగుల చప్పుడు వినగానే చేతిలోని టీ గ్లాసులు బల్లల కిందికి పోయిన రోజులను సెక్షనులో ఎవరూ మరిచిపోలేదు.

దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్బీ నగర్ వైపు పోయే దారిలో, పాత ఊరి చెలకలన్నీ, అంటే మెట్టపొలాలన్నీ, ఒకటొకటిగా ప్లాట్లయిపోతున్న ఆ రోజుల్లో, సహకార సంఘం ద్వారా వారికి కూడా ఒక ప్లాటు లభించింది. 1981లో గృహప్రవేశం చేశారు. అప్పటికి అది కాలనీ అని బోర్డు చూస్తే తప్ప తెలిసేది కాదు. రోడ్డు లేదు, దీపాలు లేవు, వాన కురిస్తే సాంబమూర్తి గారి స్కూటరు మెయిన్ రోడ్డు మీది మెకానిక్ దగ్గరే నిద్రపోయేది. ఒక ఇంటివారు గుంటూరు నుంచి, పక్కింటివారు నల్లగొండ నుంచి, ఆ పై ఇంటివారు మరెక్కడినుంచో వచ్చారు. ఎవరికీ ఎవరూ ఏమీ కారు. ఇంట్లో మనిషికి జ్వరం వస్తే పిలవడానికి పక్కింటి వారి పేరు కూడా తెలియని స్థితి.

సరిగ్గా అలాంటి చోటే సూర్యప్రభ గారి రెండవ కొలువు మొదలయింది. మన ఎక్స్ఛేంజి నుంచి నాగేశ్వరి గారు, కాలనీ నుంచి మరికొందరు ఇల్లాళ్ళు తోడు రాగా 'దీపిక సేవా సమితి' అనే చిన్న సంఘం ఏర్పడింది. నెలలు నిండిన స్త్రీలను రిక్షాలో ఎక్కించుకుని ఆసుపత్రికి తోడు వెళ్ళడం, ఎండాకాలంలో ఎల్బీ నగర్ చౌరస్తాలో నల్లగొండ బస్సులు దిగే ప్రయాణికులకు చలివేంద్రం పెట్టడం, ఇళ్ళు కట్టే కూలీల పిల్లలకు పాత బట్టలు సేకరించి ఇవ్వడం, ఇవీ తొలినాటి కార్యక్రమాలు. సెలవు రోజున విశ్రాంతి తీసుకోవచ్చు కదా అని ఎవరైనా అంటే, ఇదే విశ్రాంతి అని వారు జవాబిచ్చేవారు. సాంబమూర్తి గారు మాత్రం, భార్య ముఖం చూడాలంటే తాను కూడా చలివేంద్రానికే వెళ్ళి మంచినీళ్ళు తాగాలని వాపోయేవారు.

1985 దసరా సెలవుల్లో సమితి తన శక్తికి మించిన పనిని తలకెత్తుకుంది. ఒక ధర్మసంస్థ వైద్యులను, మందులను సమకూరుస్తామన్నది. సైదాబాద్‌లోని పాఠశాల గదుల్లో బల్లలు తీసేసి, పరుపులు పరిచి, శుక్లాల శస్త్రచికిత్సా శిబిరం నిర్వహించాలి. రోగులను వెతికి తీసుకురావడం, వారం రోజులు వారిని కంటికి రెప్పలా చూసుకోవడం సమితి బాధ్యత. ఆ సందర్భంలో జరిగిన ఒక సంఘటనను ఇక్కడ వివరంగా రాయక తప్పదు. ఈ సంగతి సూర్యప్రభ గారు ఏనాడూ ఎవరికీ చెప్పలేదు. ఇందులోని తక్కిన ఇద్దరూ, అంటే కిష్టమ్మ గారూ వారి కుమారుడు జనార్ధన్ గారూ, ఈ అభినందన సంచిక కోసం తాముగా చెప్పి, తప్పక రాయమన్నారు.

కిష్టమ్మ గారిది ఆ పాత ఊళ్ళో తరాలుగా వ్యవసాయం చేసిన కుటుంబం. భర్త పోయాక కూడా తానే చెలకలో నిలబడి జొన్నలూ కూరగాయలూ పండించిన మనిషి. డెబ్భయికి దగ్గరపడేసరికి రెండు కళ్ళకూ మోతిబిందు, అంటే శుక్లం, కమ్మి, ఆరేళ్ళుగా వెలుతురు నీడల తేడా మాత్రమే తెలిసేది. కుమారుడు జనార్ధన్ గారు లారీల యజమాని, నలుగురిలో పేరున్నవారు. సూర్యప్రభ గారూ నాగేశ్వరి గారూ ఇల్లిల్లూ తిరుగుతూ వారింటికి వెళ్ళినప్పుడు, కోడలు ఆండాలు గారు మంచినీళ్ళిచ్చి మర్యాద చేశారే గాని, శిబిరం మాట ఎత్తగానే ముఖం తిప్పుకున్నారు. అత్తగారికే ఇష్టం లేదని చెప్పారు. లోపలి గదిలోంచి కిష్టమ్మ గారు కూడా, ఈ వయసులో తనకు కళ్ళెందుకని అన్నారు. రెండోసారి వెళ్ళినా అదే మాట. మూడోసారి వెళ్ళేసరికి తలుపు తీసినవారే లేరు.

సూర్యప్రభ గారికి కోపం వచ్చింది. వారి కోపం ఎలాంటిదో మన సెక్షనుకు బాగా తెలుసు. గొంతు పెరగదు గాని, ఒక్కొక్క మాటా కొలిచి పెట్టినట్టు తగులుతుంది. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గరి హోటల్లో జనార్ధన్ గారు పదిమందితో కూర్చుని ఉండగా వెళ్ళి, కన్నతల్లిని చీకట్లో కూర్చోబెట్టి లారీలకు రంగులు వేయించుకునే కొడుకును ఈ ఊళ్ళోనే చూస్తున్నానని అందరి ముందూ అనేశారు.   జనార్ధన్ గారు లేచి బయటికి వచ్చి, వేపచెట్టు పక్కకు వారిని పిలిచి, తల దించుకునే చెప్పారు.

"అమ్మా, మీరు గంత మాటన్నరు, సరే. తను సచ్చేదాంక చెలక అమ్మద్దని మా అమ్మ నాతోని ఒట్టు వెట్టిచ్చుకున్నది. బాయి ఎండిపాయె, చుట్టుపక్కల అందరు అమ్ముకునిరి. నేనూ అమ్మిన. కౌలుకిచ్చిన్నని అమ్మకు చెప్పిన. కండ్లొస్తే మొదట ఆ చెలకనే జూస్తనంటది. ఏం జూపియ్యాలె? మీ ఇల్లున్నది గూడ ఆ చెలకలనే."

సూర్యప్రభ గారు ఆ పూట నడిచే ఇంటికి వెళ్ళారు. ఆరేళ్ళుగా ఆ ఊరి జనమంతా, దుకాణదారుల నుంచి పాలవాళ్ళ దాకా, ఒక కొడుకు పరువు కోసం ఒక తల్లి దగ్గర నోరు మెదపకుండా ఉన్నారని అప్పుడు వారికి అర్థమయి ఉంటుంది. తాము కొన్నది న్యాయంగానే కొన్నారు, ఎవరినీ మోసం చేయలేదు. అయినా తమ గుమ్మం ముందు కాలు పెట్టడానికి ఆ సాయంత్రం సంకోచించారని సాంబమూర్తి గారు అంటారు. ఏమయిందని ఆయన అడిగితే, ఏమీ లేదన్నారు. రహస్యం ఒకరిదయినప్పుడు అది భర్తకు కూడా చెప్పకూడదనేది వారి నియమం.

వారం తిరిగేలోగా వారు మళ్ళీ కిష్టమ్మ గారి ఇంటికి వెళ్ళారు. ఈసారి శిబిరం మాట ఎత్తదలచుకోలేదు. ఇన్నిసార్లు వచ్చి విసిగించినందుకు మన్నించమని చెప్పి వచ్చేద్దామని మాత్రమే వెళ్ళారు. ఆండాలు గారు మార్కెట్టుకు వెళ్ళారు. కిష్టమ్మ గారు ఒక్కరే మంచం మీద కూర్చుని, మాట వినగానే గుర్తుపట్టి, ఫోనమ్మ వచ్చిందా అన్నారు. దగ్గరికి రమ్మని చేయి పట్టుకుని, ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని అడిగి, లేరని తెలుసుకున్నాక గొంతు తగ్గించి చెప్పారు.

"నాకెర్కలేదనుకుంటున్నరు బిడ్డా. ఆ దిక్కు రాళ్ళు దించిన సప్పుడు, సిమెంటు కలిపిన సప్పుడు ఇనవడదా? ఆండాలు మార్కెట్ల వంకాయలు దెచ్చి మన చెలకల కాసినయంటది. మస్తుగున్నయని తింట. జమీన్ పోయిందని మొదలు ఏడ్సిన, అబద్ధమెందుకు. గా ఏడ్పు ఎప్పుడో అయిపోయింది. కండ్లొస్తే ఎట్ల, నువ్వే చెప్పు. వాడు నా ముంగట తలకాయ ఒంచుకొని నిలవడతడు. అది నేను జూడలేను. అందుకే ఒద్దంటున్న."

తనకు తెలుసునన్న మాట కొడుకు చెవిన పడకూడదని కూడా కిష్టమ్మ గారు గట్టిగా చెప్పి మాట తీసుకున్నారు. ఇన్నేళ్ళూ తల్లి తెలిసి తెలిసి ఊరుకున్నదని తెలిస్తే వాడు ఇంకా సిగ్గుతో చితికిపోతాడన్నది ఆమె బాధ.  దాచడం తమ వల్ల కాక సూర్యప్రభ గారు, ఆ చెలకలో కట్టిన ఇళ్ళలో తమదొకటని ఒప్పుకున్నారు. 

"బోరుల నీళ్ళు పడ్డయా?" అని అడిగారు కిష్టమ్మ గారు.

"పడ్డాయండీ. తియ్యగా ఉన్నాయి."

"మా బాయి నీళ్ళు గూడ తియ్యగనే ఉండె," అన్నారు కిష్టమ్మ గారు, వారి చేతిని వదలకుండానే.

ఆ ఇంటి గుమ్మం దిగేసరికి సూర్యప్రభ గారి పరిస్థితి ఎంత విచిత్రమయినదో గమనించండి. అవతల కొడుకు, ఇవతల తల్లి. ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకోవడానికే ఒకే మాటను దాచుకున్నారు, ఆ మాట ఇద్దరి దగ్గరా ఉందని తెలిసిన మనిషి వారొక్కరే. ఒక్క వాక్యం చెబితే ముడి విడిపోతుంది. కాని ఆ వాక్యం తమది కాదు. బోర్డు మీద ఇన్నేళ్ళు కూర్చుని రెండు ఊళ్ళను కలిపిన మనిషే గాని, ఆ రెండు ఊళ్ళ మధ్య తమ మాటను దూర్చిన మనిషి కాదు. తాము చేయగలిగింది ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టడం మాత్రమేనని వారు నిశ్చయించుకున్నారు.

మొదట వారు చేసిన పని, అదే హోటలుకు, అదే వేళకు వెళ్ళి, అదే మనుషుల ముందు జనార్ధన్ గారికి క్షమాపణ చెప్పడం. కారణం అడిగినవారికి, మాట తొందరపడ్డానని మాత్రమే చెప్పారు. తరవాత వారిని పక్కకు పిలిచి, కిష్టమ్మ గారి కళ్ళ సంగతి తాము వర్ణించి చెప్పగా వైద్యులు అన్న మాటను చేరవేశారు. శుక్లం బాగా ముదిరి ఉంటుంది, ఇంకా కొంచెమే గడువుంది, ఇప్పుడు వదిలేస్తే తరవాత ఎవరి వల్లా కాదు. ఇంతకు మించి ఒక్క మాట కూడా తాము చెప్పలేమని, చెప్పగూడదని, నిర్ణయం వారిదేనని అన్నారు. జనార్ధన్ గారు రోడ్డు వైపు తిరిగారు. ఎల్బీ నగర్ వైపునుంచి వచ్చే బస్సులు ఒకదాని వెనక ఒకటి దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి.

"జూడనీ అమ్మా," అన్నారు. "జూసి నన్ను తిడితే తిట్టనీ. నా ఇజ్జత్ కోసం మా అమ్మ కండ్లు పోగొట్టుకుంటనా?"

మర్నాడు పొద్దున్నే రిక్షా వచ్చింది. కొడుకే స్వయంగా తీసుకుపోతానంటున్నాడని విన్న కిష్టమ్మ గారు, ఇన్నాళ్ళు వద్దన్న మనిషి, ఒక్క మాట కూడా ఎదురు చెప్పకుండా కొత్త చీర కట్టుకుని కూర్చున్నారు. రిక్షా వెంట కొడుకు నడుస్తుండగా, సైదాబాద్ దాకా తల్లీ కొడుకూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదని ఆండాలు గారు చెప్పారు.

శస్త్రచికిత్స బాగానే జరిగింది. అసలు పరీక్ష ఆ తరవాతి రోజులది. రోగులందరూ రెండు కళ్ళకూ కట్లతో, వెల్లకిలా, తల కదలకుండా పడుకోవాలి. దగ్గకూడదు, వంగకూడదు, అన్నిటికన్నా ముఖ్యంగా ఏడవకూడదు. పల్లెల నుంచి వచ్చిన ముసలివాళ్ళు, తెలియని ఊళ్ళో, తెలియని గదిలో, చీకట్లో పడి ఉన్నారు. మొదటి పూటే ఒకామె బెదిరిపోయి కట్లు లాగేసుకోబోయింది. అప్పుడు సూర్యప్రభ గారు తమ బోర్డు పద్ధతిని ఆ గదిలో ప్రవేశపెట్టారు. ఆ వరుసలోంచి ఎవరు నడిచినా ఊరికే నడవకూడదు. పడుకున్న మనిషిని పేరు పెట్టి పిలిచి, తామెవరో చెప్పి, ఎందుకు వచ్చారో చెప్పి మరీ నడవాలి. పనేమీ లేకపోయినా కొంతసేపటికొకసారి ఎవరో ఒకరు వెళ్ళి పలకరించి రావాలి. రెండో రోజుకల్లా ఆ గదిలో భయం పోయింది. వరుసలో ఈ చివర ఉన్న నల్లగొండ ముసలమ్మ, ఆ చివర ఉన్న గుంటూరు ముసలమ్మ, ఒకరి ముఖం ఒకరు చూడకుండానే, పచ్చళ్ళలో ఎవరి పచ్చడి గొప్పదో తేల్చుకునే పనిలో పడ్డారు.

కిష్టమ్మ గారు మాత్రం ఆ వాదనలో కలవలేదు. సూర్యప్రభ గారు పలకరించినప్పుడల్లా ఒకటే అడిగేవారు, కొడుకు వచ్చాడా అని. జనార్ధన్ గారు ప్రతి సాయంత్రం వచ్చేవారు. వరండాలో నిలబడి, అమ్మ తిన్నదా, నొప్పి ఉందన్నదా అని కనుక్కుని, గది గుమ్మం దాటకుండానే వెళ్ళిపోయేవారు. కట్లున్నా సరే, తాను ఎదుట నిలబడితే తన గుట్టు అమ్మకు తెలిసిపోతుందని వారి భయం. ఆయన వచ్చారనీ, వరండాలో ఉన్నారనీ సూర్యప్రభ గారు వచ్చి చెబితే, కిష్టమ్మ గారు తల కదలకూడదు గనుక చేత్తోనే సరే అన్నట్టు చూపేవారు. అక్కడి మాట ఇక్కడికి, ఇక్కడి మాట అక్కడికి, ఒక్క అక్షరం కలపకుండా, ఒక్క అక్షరం తీయకుండా చేరవేస్తూ వారం గడిపారు సూర్యప్రభ గారు. ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఏళ్ళు చేసిన పని కన్నా ఆ వారం చేసిందే కష్టమయిందని నాగేశ్వరి గారితో ఒకసారి అన్నారట. ఎందుకో మాత్రం చెప్పలేదు.

కట్లు విప్పే రోజు బడి ఆవరణంతా తిరునాళ్ళలా ఉంది. ఒక్కొక్కరి కట్లు విప్పి, కన్ను తుడిచి, మందపాటి అద్దాలు పెడుతుంటే, మనవళ్ళను ముట్టుకుని చూసేవారు కొందరు, తమ చేతులనే తిప్పి తిప్పి చూసుకునేవారు కొందరు. వైద్యులు కిష్టమ్మ గారి పరుపు దగ్గరికి వచ్చేసరికి ఆమె రెండు చేతులతో కట్లను గట్టిగా పట్టుకున్నారు. మొదట ఆమెకు భయమనుకున్నారు. కాదు, కొడుకు రానిదే విప్పవద్దన్నారు. విప్పితే మొదట వాణ్ణే చూడాలన్నారు.

సూర్యప్రభ గారు గేటు దగ్గరికి పరుగున వెళ్ళారు. యాభై నాలుగేళ్ళ మన పర్యవేక్షకులు పరుగెత్తడం అదే మొదటిసారి చూశామని అక్కడున్న మన వాళ్ళు అంటారు. జనార్ధన్ గారు ప్రహరీ గోడకు ఆనుకుని బయట నిలబడి ఉన్నారు.

"అమ్మా, చెలక ఏదని అడిగితే ఏం జెప్పాలె?" అన్నారు ఆయన.

జవాబు సూర్యప్రభ గారి నాలుక చివరే ఉంది. తల్లికి అంతా తెలుసునన్న ఒక్క మాట చెబితే ఆ మనిషి గుండె మీది బరువు దిగిపోయేది. కాని ఇచ్చిన మాట కిష్టమ్మ గారికి ఇచ్చినది. ఆ క్షణంలో వారు పడ్డ వేదనను జనార్ధన్ గారు ఇప్పటికీ తలుచుకుంటారు. ఏదో చెప్పబోయి ఆగిపోయారని ఆనాడే గమనించాననీ, అదేమిటో తరవాత తెలిశాక వారి మీద గౌరవం పదింతలయిందనీ అంటారు.

"ముందు మీ మొహం చూపించండి. మాటలు తరవాత," అన్నారు సూర్యప్రభ గారు. ఆయన చేయి పట్టుకుని లోపలికి తీసుకువచ్చారు.

కొడుకు వచ్చి ఎదుట కూర్చున్నాడని చెప్పాక కిష్టమ్మ గారు చేతులు తీశారు. కట్లు విప్పారు. అద్దాలు పెట్టారు. ఆమె కొంతసేపు కనురెప్పలు ఆర్పుతూ, ఎదురుగా ఉన్న మనిషిని నిదానంగా చూశారు. ఆరేళ్ళ కిందట నల్లని జుట్టుతో, నిటారుగా ఆమె కళ్ళలో మిగిలిపోయిన కొడుకు, ఇప్పుడు నెరిసిన తలను రెండు మోకాళ్ళ మధ్యకు వంచుకుని కూర్చున్నాడు. ఆమె చేయి చాచి ఆ జుట్టును తడిమారు.

"ఎంత ముసలోనివైనవ్ కొడుకా," అన్నారు.

జనార్ధన్ గారు తల ఎత్తకుండానే, "అమ్మా, మన చెలక..." అన్నారు. 

"ఎర్కే బిడ్డా. ఎప్పటిసందో ఎర్కే. తల పైకెత్తు. నిన్ను జూడనీకనే గదా కండ్లు తెచ్చుకున్న."

ఆయన తల ఎత్తారు. తల్లి కళ్ళు నిండబోతున్నాయని గమనించి సూర్యప్రభ గారు, కళ్ళు తడవకూడదని హెచ్చరించబోయారు. ఎన్ని కబుర్లు మోసినా ఏనాడూ తొణకని ఆ గొంతు ఆ ఒక్క వాక్యం పూర్తి చేయలేకపోయింది. మిగతా వాక్యాన్ని నాగేశ్వరి గారు అందుకోవలసి వచ్చింది.

కట్లు విప్పిన కొన్నాళ్ళకు కిష్టమ్మ గారు కొడుకుతో కలిసి సూర్యప్రభ గారి ఇంటికి వచ్చారు. వీధిలో నిలబడి అటూ ఇటూ చూశారు. ఏది ఎక్కడుండేదో కొడుక్కు చూపించారు. గుర్తుపట్టలేని చోట గుర్తుపట్టలేనని చెప్పారు. కాసేపు కొంగుతో ముఖం కప్పుకున్నారు. బాధ లేదని ఆమె ఎవరితోనూ అనలేదు, సూర్యప్రభ గారూ అది మరిచిపొమ్మని అనలేదు. లోపలికి వచ్చి భోజనం చేసి, ఆ వరుసలో ఎవరెవరుంటారు, ఎవరి పిల్లలు ఎంతవాళ్ళు అని అన్ని ఇళ్ళ సంగతీ అడిగి తెలుసుకున్నారు. మరుసటి సంవత్సరం శిబిరం పెట్టినప్పుడు, కట్లతో పడుకున్న వారిని పలకరించే పనికి అందరికన్నా ముందు వచ్చి నిలబడింది ఆమె. జనార్ధన్ గారి లారీ పరుపులను మోసింది. అప్పటిదాకా పాత ఊరివాళ్ళు వేరు, కాలనీవాళ్ళు వేరుగా ఉన్న ఆ ప్రాంతంలో, సమితి పనులకు రెండు వైపుల నుంచీ మనుషులు రావడం అక్కడినుంచే మొదలయింది.

సూర్యప్రభ గారి ఉద్యోగ జీవితంలోని చివరి నాలుగేళ్ళ గురించి కూడా చెప్పాలి. నంబరు తిప్పితే నేరుగా పొరుగూరు పలికే సౌకర్యం వచ్చాక ట్రంకు బోర్డు పని పలచబడింది. ఇన్నేళ్ళ విద్య ఇక ఎందుకని దిగులుపడిన చిన్నవాళ్ళను కూర్చోబెట్టుకుని, కొత్త యంత్రాల పనిని వారితోపాటు తామూ విద్యార్థినిలా నేర్చుకున్నారు. సెలవు పెట్టమంటే పెట్టరు, పొగిడితే వినరు, టీ మాత్రం చల్లారితే తాగరు. ఈ వ్యాసం కూడా వారి కంటపడకుండా అచ్చుకు పంపడానికి సంచిక సంఘం నానా తంటాలు పడింది.

అభినందన సభకు ఆహ్వానించడానికి మన వాళ్ళు వెళ్ళినప్పుడు, ఫోనమ్మకు ఏమని దీవెన ఇస్తారని కిష్టమ్మ గారిని అడిగారు. ఆమె అద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, వాకిట్లో లారీ కడుగుతున్న కొడుకు వైపు చూస్తూ ఇలా అన్నారు.

"ఏమున్నది బిడ్డా, కండ్లు మంచిగుండాలె. మనకు గావాల్సినోళ్ళు కండ్ల ముంగట తల ఎత్తుకొని తిరగాలె. మనిషికి ఇంతకన్న ఏం గావాలె?"

ఇంతకన్నా గొప్ప ఆకాంక్షను కూర్చే శక్తి మన సెక్షనులో ఎవరికీ లేదు గనుక, శ్రీమతి సూర్యప్రభ గారికి ఆ దీవెననే మనందరి పక్షాన వినయపూర్వకంగా సమర్పించుకుంటున్నాము. ఆయురారోగ్యాలతో, సాంబమూర్తి గారి సాహచర్యంలో, నిండు నూరేళ్ళ పాటు, వారు ఎప్పుడు కళ్ళు ఎత్తి చూసినా వారికి కావలసిన వారందరూ ఎదుటే ఉందురు గాక.